ఎర్ర గీత ఆగిన చోటు

లంక పేట,
18-6-2007

అమ్మాయి బ్లెస్సీని నాన్న ఎలీయాజరు మనసారా దీవించి రాసేది. దేవుని దయ వల్ల నేనూ మీ అమ్మా కులాసా. నువ్వు హాస్టల్లో అన్నం మానకుండా తింటున్నావని నమ్ముతున్నాను.

నీకు కంప్యూటర్ ఆటలు తయారుచేసే కోర్సులో సీటు వచ్చిన సంగతి చదివాక కాసేపు నాకు కాళ్ళు నేల మీద లేవు. ఉత్తరం మూడుసార్లు మీ అమ్మకి చదివి వినిపించాను. "ఆటలాడ్డానికా దాన్ని బీయస్సీ చదివించింది" అంది. "ఆడ్డానికి కాదే, ఆడేవాళ్ళు తిరిగే ఊళ్ళూ గోడలూ గట్లూ కట్టడానికి. దాన్నే లెవెల్ డిజైన్ అంటారు" అన్నాను. కాసేపు ఆలోచించి "అయితే మీ పనే" అంది. ఆ మాటకి నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి తల్లీ. కొల్లేట్లో ముప్పై ఏళ్ళు గట్లు వేశాను. నా తర్వాత ఆ పని చేసేవాళ్ళు మన ఇంట్లో ఉండరనుకున్నాను.

ఫోను చేయమన్నావు. కొట్టు దగ్గర ఫోనులో నాకు సగం వినపడదు, వినపడిన సగం కొట్టు ముందున్న వాళ్ళందరికీ వినపడుతుంది. నేను ఇప్పుడు అడగబోయేది నలుగురిలో అడిగేది కాదు. అందుకని ఉత్తరమే మనకి మంచిది.

నువ్వు మొదటగా కట్టే ఊరు, నేను గట్టు వేసిన జగ్గారావుగారి చేపల చెరువు కావాలి. వరద వచ్చిన తొంభై ఎనిమిదిలో నీకు పద్నాలుగేళ్ళు. నీకు తెలిసింది కొంతే. చెరువు గట్టు తెగి నీళ్ళు మన పేట మీద పడ్డాయి. ఆయన బడి అరుగు మీద నిలబడి, "మేస్త్రి మట్టి సరిగా తొక్కించలేదండి, అందుకే తెగిందండి" అన్నాడు. చెయ్యి జోడించి మరీ అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి కొల్లేట్లో ఎవరూ నన్ను గట్టు పనికి పిలవలేదు. ఇల్లు పోయిన మన సుందరరావు ఈనాటికీ నాతో మాట్లాడడు. చిన్నప్పటి నుంచీ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. గూడెంలో రైసు మిల్లుకి కాపలా కాస్తూ ఇన్నేళ్ళు గడిపాను. కిందటేడు గవర్నమెంటువారు కొల్లేటి గట్లన్నీ పొక్లెయిన్లతో తీసేసినప్పుడు ఆ గట్టు కూడా పోయింది. నా పని మంచిదని చూపించడానికి ఒక్క గుప్పెడు మట్టి మిగల్లేదు.

నువ్వు కట్టు. కట్టి, దాని మీద జగ్గారావుగారిని నిలబెట్టు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, ఎడమ చేతికి రెండు ఉంగరాలు. ఆడేవాడెవడైనా సరే ఆయన్ని నీళ్ళలోకి తొయ్యాలి. ఆటలో చచ్చినవాడు మళ్ళీ లేస్తాడని నువ్వే చెప్పావు. ఆ సదుపాయం నాకు ఎంతో నచ్చింది. లేచినప్పుడల్లా తొయ్యాలి. గుడిలో పాస్టరు అయ్యగారు ప్రతి ఆదివారం క్షమించమనే చెప్తారు. క్షమిస్తాను. ముందు కొన్ని వేల సార్లు మునగనీ.

ఇట్లు ఆనందం పట్టలేని మీ నాన్న,
ఎలీయాజరు


హైదరాబాదు,
29-6-2007

నాన్నగారికి, అమ్మకి బ్లెస్సీ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత నవ్వలేకపోయాను. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నాకొక సలహా కావాలి.

ఇక్కడ ప్రతివాళ్ళూ ఈ నెలలోనే ఒక గేమ్ ఇంజను ఎంచుకోవాలి. ఆట కింద పనిచేసే యంత్రం అది. వెలుగు ఎలా పడాలి, నీళ్ళు ఎలా కనపడాలి, మనిషి గోడకి గుద్దుకుంటే ఎలా ఆగాలి, అన్నీ అదే చూసుకుంటుంది. మేం దానితోపాటు వచ్చే పనిముట్లతో స్థలాలు కడతాం. డిసెంబరు 28న కట్టింది చూపించాలి. ఆ రోజు వచ్చే కంపెనీవాళ్ళు ఇద్దరు ముగ్గురిని ఉద్యోగంలోకి తీసుకుంటారు. మధ్యలో ఇంజను మార్చుకోవడానికి వీల్లేదు.

మూడున్నాయి. అన్‌రియల్ అనేదాంట్లో మొదట లోకమంతా గట్టి మట్టిముద్దలా ఉంటుంది. అందులోంచి గదులు తొలుచుకుంటూ పోవాలి. సోర్స్ అనేదాంట్లో మొదట ఏమీ ఉండదు, శూన్యం. అందులో గోడలు పెట్టి, కింద నేల, పైన ఆకాశం కూడా మూతలా పెట్టి, ఎక్కడా సందు లేకుండా మూసెయ్యాలి. సందుంటే అది ఒప్పుకోదు. మూడోది టార్క్. చవక, మైదానాలకి బాగుంటుంది. కానీ సందేహం వస్తే అడగడానికి మా దగ్గర అది తెలిసినవాళ్ళు లేరు.

నా గదిలో ఉండే జోయా అన్‌రియల్ తీసుకుంది. వాళ్ళది ఏలూరే, వాళ్ళ నాన్నగారిది తివాచీల కొట్టు. వచ్చే కంపెనీ వాడేది కూడా అదే. నా మనసూ దాని మీదికే పోతోంది. మీకు ఇవేవీ తెలియవని నాకు తెలుసు. అయినా మిమ్మల్ని అడగకుండా నేనేదీ మొదలుపెట్టలేదు.

మీ
బ్లెస్సీ


లంక పేట,
8-7-2007

నాన్నను సలహా అడిగిన బంగారు తల్లికి నాన్న రాసేది.

హైదరాబాదులో చదువుకునే పిల్ల ఎనిమిదో తరగతి చదివినవాణ్ణి సలహా అడిగింది. ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని మిల్లులో రోజంతా తిరిగాను. గుమాస్తాకి చూపించాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం మొదటి చదువులోనే అర్థమైపోయింది, ఎందుకంటే అది మన పనే.

చెరువులు రెండు రకాలమ్మా. గణపవరం వైపు వరిచేలో చెరువు తవ్వుతారు. చుట్టూ భూమే కాబట్టి మేస్త్రి ఎంత వంకరగా తవ్వినా నీళ్ళు ఎక్కడికీ పోవు. తప్పు చేసినా తెలియదు. పదేళ్ళు తవ్వినా మేస్త్రికి పని రాదు. కొల్లేట్లో అలా కాదు. నీళ్ళలో దిగి, కిక్కిస గడ్డి కోసి, చుట్టూ గట్టు పోసి చెరువు కడతాం. చీమ దూరే సందున్నా తెల్లారేసరికి నీళ్ళు చెప్పేస్తాయి. అక్కడ నేర్చుకున్నవాడే మేస్త్రి. నీ మొదటిది తవ్వే ఇంజను. రెండోది కట్టే ఇంజను. నేర్చుకునేదానివి, తప్పుని దాచిపెట్టే ఇంజను నీకెందుకు? తప్పుని మొహాన కొట్టేది తీసుకో. పని వచ్చాక ఏ కంపెనీ ఏది వాడినా నువ్వు పది రోజుల్లో పట్టేస్తావు. మూడోది వద్దు. పక్కన అడగడానికి మనిషి లేని పనిలో కొత్తవాళ్ళు దిగకూడదు.

జోయా మంచి పిల్లలాగుంది. కానీ పక్కవాళ్ళు కొన్నారని పొక్లెయిన్ కొన్నవాళ్ళని చాలామందిని చూశాను.

జగ్గారావుగారి సంగతి నువ్వు ఎత్తలేదు. ఆయన ఇప్పుడు ఏలూరులో ఉంటున్నాడు. మనిషి లావయ్యాడని విన్నాను. లావైతే ఇంకా బాగా మునుగుతాడు. గుర్తుంచుకో.

మీ నాన్న


హైదరాబాదు,
5-8-2007

నాన్నగారికి,

సోర్స్ తీసుకున్నాను. ఎందుకని మా సార్ అడిగితే మీరు రాసిన రెండు చెరువుల సంగతి చెప్పాను. క్లాసులో కొందరు నవ్వారు. సార్ నవ్వలేదు. బోర్డు మీద రెండు చెరువులూ గీసి, "ఇంజను ఎలా ఎంచుకోవాలో ఇంతకంటే తేలిగ్గా నేను చెప్పలేను" అన్నారు. జోయా మాత్రం, "మీ నాన్నగారు కంపెనీవాళ్ళకి కూడా ఒక ఉత్తరం రాస్తే బాగుంటుందండి" అని ఏడిపిస్తోంది.

మీ చెరువే కడతాను. కానీ జగ్గారావుగారిని నిలబెట్టను. నాన్నగారూ, కోపం తెచ్చుకోకండి. ఆయనెవరో ఆడేవాళ్ళకి తెలియదు. ఊరికే ఒక లావుపాటి మనిషిని తొయ్యడంలో ఏముంది? నా ఆటలో ఎవరూ ఉండరు. వరద తీసిన మర్నాడు పొద్దున్న ఒక మనిషి ఒంటరిగా గట్టు మీదికి వస్తాడు. చుట్టూ తిరిగి, గట్టు ఎందుకు తెగిందో కనుక్కోవాలి. అంతే ఆట.

ఆ గట్టునే లోకానికి అంచుగా పెడుతున్నాను. గట్టు అవతల ఏమీ ఉండదు, శూన్యమే. కాబట్టి కొలతలు సరిగ్గా కావాలి. మీకు గుర్తున్నవన్నీ రాయండి. మీకు ఎలా గుర్తుంటే అలాగే రాయండి, సరిచేయకండి.

మీ
బ్లెస్సీ


లంక పేట,
15-8-2007

బ్లెస్సీ తల్లికి నాన్న రాసేది.

తొయ్యనంటావు. ఒకరోజంతా నీ మీద అలిగాను. మీ అమ్మ, "దానికి మీకంటే బుద్ధి ఉంది, అన్నం తినండి" అంది. తిన్నాను. పోనీ ఆయన చెప్పు ఒకటైనా నీళ్ళలో తేలనివ్వు. అదీ వద్దంటే నీ ఇష్టం. గట్టు ఎందుకు తెగిందో కనుక్కునే ఆట అన్నావు చూడు, అది మాత్రం నాకు నచ్చింది. నా గట్టు మట్టి గట్టిదని ఊరూరా పిల్లలు కంప్యూటర్లలో తిరిగి చూస్తారు. జగ్గారావుగారి మనవలు కూడా చూస్తారు. మా తాత అబద్ధం చెప్పాడని వాళ్ళ నోటితో వాళ్ళే అనాలి. అదే నాకు కావలసింది.

కొలతలు రాసుకో. కాగితం చూసి రాయడం లేదు. కళ్ళు మూసుకుంటే కాళ్ళకే గుర్తున్నాయి.

మొత్తం ఇరవై ఎకరాలు. ఉత్తరపు గట్టు, దక్షిణపు గట్టు ఒక్కోటి 1360 అడుగులు. సరస్సు వైపు ఉన్న పడమటి గట్టు 640, దానికి రెండు తూములు, నీళ్ళు లోపలికి తీసుకోవడానికొకటి, బయటికి వదలడానికొకటి. తూర్పు గట్టు మన పేట వైపుది. అది రెండు ముక్కలుగా వేశాను. ఉత్తరపు మూల నుంచి 410, దక్షిణపు మూల నుంచి 228. పేట వైపు తూములు లేవు, ఉండకూడదని పెద్దలు తీర్మానం రాయించారు. గట్టు ఎత్తు తొమ్మిది, పైన వెడల్పు ఎనిమిది, అడుగున ముప్పై రెండు. రెండెడ్ల బండి పైన హాయిగా పోయేది. ప్రతి అడుగు ఎత్తుకీ నీళ్ళు చల్లి, మనుషుల చేత తొక్కించాను. పన్నెండుమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి పాట పాడుతూ తొక్కేవాళ్ళు. అది కంప్యూటర్లో పెట్టడానికి వీలవుతుందా?

మీ నాన్న


హైదరాబాదు,
30-9-2007

నాన్నగారికి, అమ్మకి,

చాలా రోజులుగా ఉత్తరం రాయలేదు, క్షమించండి. గట్టు మొత్తం లేచింది. మట్టికి మన నల్లరేగడి ఫొటో అతికించాను. ఎంత అందంగా వచ్చిందో చెప్పలేను.

ఒక్కటే చిక్కు. కట్టడం అయ్యాక ఇంజను ఒకసారి మొత్తం వెతుకుతుంది, లోపలి నుంచి శూన్యంలోకి సందు ఉందా అని. ఉంటే ఆపేస్తుంది. అంతేకాదు, చెరువు మధ్య నుంచి ఆ సందు దాకా ఒక ఎర్ర గీత గీసి చూపిస్తుంది. సందు ఉన్నంతసేపూ నీళ్ళు కూడా కనపడవు, ఎండిపోయిన చెరువులా ఉంటుంది. నిన్న నా చెరువులో ఎర్ర గీత వచ్చింది. తూర్పు గట్టు దాకా పోయి, సరిగ్గా ఆ వరదలో తెగిన చోట ఆగింది. మీ గట్టులో లోపం ఉందని ఇంజను చెప్తోంది. జోయా చూసి, "ఇదేంటే, మీ నాన్నగారి గట్టు నిజంగానే తెగిపోయిందా" అంది.

కొలత పొరపాటయి ఉంటుంది. 228 కాదేమో, 230 ఏమో. సరిచేసి పూడ్చేయనా?

మీ
బ్లెస్సీ


లంక పేట,
10-10-2007

బ్లెస్సీకి,

నీ ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది.

తొమ్మిదేళ్ళుగా జగ్గారావుగారు అన్నమాటే ఇప్పుడు నా కూతురు అంటోంది. కంప్యూటరు చేత అనిపించింది. నా గట్టులో లోపం ఉందా? ఏలూరు తివాచీల కొట్టువారి అమ్మాయి కూడా నా గట్టు చూసి నవ్వాలా? ఆ జగ్గారావు పంచె తడవకుండా అక్కడ కూర్చుంటే, ఇక్కడ నేను మళ్ళీ తెగిన గట్టు మేస్త్రినయ్యాను. ఆయన్ని తొయ్యమంటే తొయ్యలేదు. నన్ను మాత్రం తోశావు.

నా కొలతలు తప్పు కావు. 410 సరైనది. 228 సరైనది. పడమటి గట్టు 640, అదీ సరైనదే. ఒక్క అంగుళం మార్చినా నువ్వు నా కూతురివి కావు. ఆ ఇంజనే మార్చుకో.

ఎలీయాజరు

(నాన్నగారు ఈ ఉత్తరం రాసి రెండు రోజులు అన్నం తినలేదు. పోస్టు చేయకుండా దాచేద్దామనుకున్నాను కానీ ఆయనే పట్టుకెళ్ళారు. అమ్మ.)


హైదరాబాదు,
24-10-2007

నాన్నగారికి,

మీ గట్టు చెడ్డదని నేననలేదు. ఇంజను మట్టిని చూడదు, చూడడం దానికి రాదు కూడా. మనం చెప్పిన గోడలు ఒకదానికొకటి ఆనాయా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు.

మీరు ఒక్క అంగుళం మార్చవద్దన్నారు. మార్చలేదు. 410, 228 కలిపితే 638. ఎదుటి గట్టు 640. రెండూ సరైనవే అంటున్నారు. మీ కాళ్ళు మర్చిపోవని నాకు తెలుసు. అయితే నాన్నగారూ, ఆ రెండడుగుల్లో ఏముండేది?

ఎర్ర గీత ఉన్న బొమ్మ ఇందులో పెడుతున్నాను. ఒకసారి చూడండి. డబ్బు పెట్టి రంగుల్లో అచ్చు వేయించాను.

మీ
బ్లెస్సీ


లంక పేట,
20-11-2007

నా బంగారు తల్లి బ్లెస్సీకి, తప్పు చేసిన నాన్న ఎంతో సంతోషంగా రాసేది.

సంతోషమేమిటని అనుకుంటున్నావు. చివరిదాకా చదువు.

నీ బొమ్మని మూడు వారాలు జేబులో పెట్టుకు తిరిగాను. తర్వాత ఒకరోజు మిల్లులో కూర్చుని దాన్ని చూస్తుంటే నవ్వొచ్చింది. ఊళ్ళో పెద్దలు అడిగితే చెప్పలేదు. అయ్యగారు అడిగితే చెప్పలేదు. మీ అమ్మ అడిగితే చెప్పలేదు. నీ ఇంజను అడగనైనా అడగలేదు, నేనే 228 అని రాసిచ్చేశాను. అబద్ధం నా నోటికి అలవాటైంది కానీ నా కాళ్ళకి కాలేదు తల్లీ.

ఆ రెండడుగుల్లో దొంగ తూము ఉండేది. పేట వైపు తూము పెట్టకూడదని తీర్మానం ఉందని చెప్పాను కదా. పేటంతా ఏలూరు ప్రార్థన సభలకి వెళ్ళిన రెండు రోజుల్లో జగ్గారావుగారు నా చేత పెట్టించాడు. "అవసరపడితే చెరువు తొందరగా ఖాళీ చేసుకోవాలండి మేస్త్రిగారూ, మీరే పెట్టాలండి" అన్నాడు. అంత పెద్దమనిషి నన్ను గారూ అన్నాడు. ఇంకేం చెప్పను. రెండడుగుల సందు వదిలి, అడ్డంగా టేకు పలకలు దించి, పైన పల్చగా మట్టి పూశాను. సాయానికి ఆయన మనిషి నిత్యానందం ఉన్నాడు. ఈనాటికీ ఆయన కారు నడిపేది అతనే.

వరదలో చెరువు నిండి గట్టు పైదాకా వచ్చింది. పొర్లితే చేపలు పోతాయి. సరస్సు వైపు తూములు తెరిస్తే బయట నీళ్ళే ఎత్తుగా ఉన్నాయి, లోపలికొస్తాయి. పల్లంలో ఉన్నది మన పేటే. జగ్గారావుగారు ఆ పలకలు ఎత్తించాడు. నీళ్ళు ఆ సందుని కోసేసి, రెండడుగులది అరవై అడుగులైంది. మర్నాడు నేను వెళ్ళేసరికి టేకు పలకలు ఆరూ గట్టు మీద ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కొట్టుకుపోయిన తూము పలకలు పేర్చి ఉంటాయా అమ్మా? అప్పుడే తెలిసింది నాకు. అప్పుడే ఆయన కూడా నన్ను చూశాడు. నేను నోరు విప్పితే తూము పెట్టింది నేనేనని నేనే చెప్పుకోవాలి. అది ఆయనకి తెలుసు. ఆ ధైర్యంతోనే బడి అరుగు ఎక్కాడు.

ఇప్పుడు సంతోషం సంగతి. డిసెంబరు 16 ఆదివారం ఆయన పేటకి వస్తున్నాడు. మన గుడి పక్క కమ్యూనిటీ హాలు కట్టిస్తున్నాడట. ఆరాధన అయ్యాక పెద్దలు శాలువా కప్పుతారు, ఆయన బిర్యానీ పెట్టిస్తాడు. నేను నీ బొమ్మ పట్టుకుని వెళ్తాను. ఇన్నేళ్ళ తర్వాత ఆయన మొహం ఎలా మారుతుందో దగ్గర నుంచి చూడాలి. ఆటలో ముంచితే మళ్ళీ లేస్తాడు. ఇక్కడ లేవడు.

బొమ్మ జాగ్రత్తగా లామినేషన్ చేయించాను.

మీ నాన్న


హైదరాబాదు,
30-11-2007

నాన్నగారికి,

ఇది మీకు 16లోపు అందాలని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఆ బొమ్మ తీసుకెళ్ళకండి. అది రుజువు కాదు. మీరు చెప్పిన కొలతలే దానికి తెలుసు. ఎవరైనా కాస్త చదువుకున్నవాళ్ళు, "ఇది మీ అమ్మాయి గీసిందేగా" అంటే మీరేం చెప్తారు? ఆయన నవ్వుతాడు. నలుగురూ నవ్వుతారు. కంప్యూటరు చెప్పిందని వాళ్ళని మభ్యపెట్టి ఆయన్ని దించడం నాకిష్టం లేదు.

ఇంకొకటి. రాయకూడదనుకున్నాను, రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ వరదలో పోయినవాటిలో మన ఇల్లు కూడా ఉంది నాన్నగారూ. పదో తరగతి పుస్తకాలు నేను బడి వరండాలో ఆరబెట్టుకుని చదివాను. సుందరరావు బాబాయి వాళ్ళ అబ్బాయి చదువే మానేశాడు. ఇన్నేళ్ళూ జగ్గారావుగారి మీద కోపం నాకు అన్నంలో కలిపి పెట్టారు. ఆ రెండడుగులు మాత్రం దాచుకున్నారు.

నాకు మీ మీద కోపంగా ఉంది. మీరు నా నాన్నగారు కాబట్టి ఇంత మర్యాదగా రాస్తున్నాను.

28న ఆట చూపించాలి. సందు పూడిస్తే తప్ప నీళ్ళు రావు. పూడ్చాలో వద్దో నాకు తెలియడం లేదు. మీరు ఒక్క అంగుళం మార్చవద్దన్నారు.

మీ
బ్లెస్సీ


లంక పేట,
18-12-2007

నా తల్లి బ్లెస్సీకి నాన్న రాసేది.

నీ స్పీడ్ పోస్టు ఏడో తారీఖునే అందింది. నువ్వన్న ప్రతి మాటా నిజమే. నీ కోపం నాకు రావలసిందే, ఉంచుకో. బొమ్మ రుజువు కాదన్నావు. అదీ నిజమే. అందుకని బొమ్మ ఇంట్లో గోడకి తగిలించేసి, ఉత్త చేతులతో వెళ్ళాను.

ఆరాధన అయింది. కుర్చీలు వేశారు. శాలువా పళ్ళెంలో పెట్టారు. సుందరరావు మూడో వరసలో ఉన్నాడు. నేను లేచి, "అయ్యగారూ, శాలువాకి ముందు నాకు రెండు నిమిషాలు ఇప్పించండి" అన్నాను. ఇచ్చారు. వరదనాడు గట్టు దానంతటదే తెగలేదనీ, పేట వైపు దొంగ తూము ఉందనీ, పలకలు ఎత్తించారనీ చెప్పాను.

జగ్గారావుగారు చెయ్యి జోడించాడు, ఆనాటిలాగే. "ఏవండీ ఎలీయాజరుగారూ, తూము ఉందంటున్నారు. మరి ఆ తూము కట్టిందెవరండీ? అది కూడా సెలవివ్వండి" అన్నాడు. పెదవి మీద నవ్వుంది. ఆ ప్రశ్న నోరు మూయిస్తుందని ఆయనకి తొమ్మిదేళ్ళ నమ్మకం.

"నేనేనండి" అన్నాను.

తల్లీ, ఆ నవ్వు ఎటు పోవాలో తెలియక మొహం మీదే ఉండిపోయింది. అది నేను చూశాను. ఎంత దగ్గర నుంచి చూశానంటే, ఆయన చెవి పక్కన చెమట జారడం కూడా చూశాను. "తీర్మానం తెలిసి కట్టానండి. పేటంతా సభలకి వెళ్ళినప్పుడు కట్టానండి. నేను దొంగతనంగా కట్టానండి, మీరు దొంగతనంగా తెరిచారండి" అన్నాను.

అప్పుడు వెనక తలుపు దగ్గర నుంచి నిత్యానందం గొంతు వినపడింది. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. "పలకలు తీసింది నేనండి. తీయమంది ఆయనండి. మేస్త్రిగారే ఒప్పేసుకున్నాక ఇంక నేనెవరికోసం దాచాలండి" అన్నాడు. తాళాలు తెచ్చి శాలువా పళ్ళెంలో పెట్టాడు.

జగ్గారావుగారు తనంతట తనే కారు నడుపుకుంటూ వెళ్ళాడు. గేటు దగ్గర రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. ఎవరూ తొయ్యలేదు. ఆ రెండు నిమిషాలూ నేను అరుగు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. క్షమించానా లేదా అని అయ్యగారు సాయంత్రం అడిగారు. ఇంకా లేదండి, ఈ సంతోషం కాస్త తగ్గనివ్వండి అన్నాను. బిర్యానీ మాత్రం అందరం తిన్నాం. ఆయన పెట్టించిందే. మీ అమ్మ రెండోసారి కూడా వడ్డించుకుంది.

నాకూ తీర్పు చెప్పారు. పెద్దలు నన్ను సంఘం కమిటీలోంచి తీసేశారు. సంవత్సరం పాటు గుడిలో వెనక బల్ల మీద కూర్చోవాలి. సరేనన్నాను.

నీ ఆటలో ఆ సందు పూడ్చు. 410 మార్చకు, 228 మార్చకు. మధ్యలో రెండడుగుల కొత్త ముక్క పెట్టు. దాని మట్టి రంగు మాత్రం పాత గట్టుతో కలవనివ్వకు. కొత్త మట్టి కొత్త మట్టిలాగే కనపడాలి. ఆడేవాడు నడుస్తూ అక్కడ ఆగాలి, ఇదేమిటని అనుకోవాలి. నీళ్ళు నిండనీ. కంపెనీవాళ్ళు అడిగితే మేస్త్రి ఒప్పుకున్నాడని చెప్పు.

సుందరరావు నిన్న పొద్దున్న మన ఇంటికి వచ్చాడు. తొమ్మిదేళ్ళకి మన వాకిట్లో అడుగుపెట్టాడు. నేను లేచి కుర్చీ వేశాను. కూర్చోలేదు. గోడ మీది నీ బొమ్మ దగ్గరికి వెళ్ళి, ఎర్ర గీత మీద వేలు పెట్టి, చివరిదాకా జరిపాడు.

"ఎంత వెడల్పురా?" అన్నాడు.

"రెండడుగులు" అన్నాను.

"రెండడుగులకా" అన్నాడు. వేలు తీసి నా వైపు తిరిగాడు. "గట్టు సరిగా తొక్కించలేదని ఇన్నేళ్ళూ నిన్ను తిట్టుకున్నాను. అది ఒట్టిదే. ఇప్పుడు తిట్టుకోవడానికి నిజమైంది దొరికింది" అని, మీ అమ్మ ఇచ్చిన టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

చెయ్యని తప్పుకి నేనేం చెప్పుకోగలను తల్లీ, ఇన్నేళ్ళూ దానికి జవాబే లేదు. ఇది చేసిన తప్పు. దీనికి జవాబు చెప్పుకోగలను. ఇవాళ మిల్లుకి సెలవు పెట్టాను. ఈ ఉత్తరం పోస్టులో వేసి, అట్నుంచటే వాళ్ళింటికి వెళ్తున్నాను. తలుపు తియ్యకపోతే బయట కూర్చుంటాను.

మీ నాన్న,
ఎలీయాజరు